మూడో డోసు దాకా: ఒక టీకా ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టక ముందు

చెత్త సంచికి ముడి వేస్తుంటే సూది గుచ్చుకుంది. మా వార్డులో హౌస్‌కీపింగ్ చేసే అక్కకి, కుడిచేతి బొటనవేలికి. సూదుల డబ్బాలో ఉండాల్సిన సూది అది. మామూలు చెత్తలోకి ఎలా వచ్చిందో, ఏ రోగికి వాడిందో ఎవరికీ తెలియదు. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద కడిగించి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. డాక్టర్ మేడం అడిగిన మొదటి ప్రశ్న: "హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారా?" రక్తం ద్వారా సోకి లివర్‌ని దెబ్బతీసే వైరస్ అది. అక్క నా వైపు తిరిగి, "నాకు వేశారా సిస్టర్?" అంది.

తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఫైలు తీయిస్తే టీకాల గడి ఖాళీగా ఉంది. నా ఫైల్లో మాత్రం మూడు డోసులూ తేదీలతో సహా ఉన్నాయి. ఇద్దరం ఒకే వార్డులో తిరుగుతాం. నేను సూది వాడి పక్కన పెడతాను, ఆ తర్వాత ఆ చెత్తను చేత్తో ఎత్తేది ఆమె. టీకా మాత్రం నాకు వేశారు.

ఆ రోజే ఆమెకి ఒక భుజానికి టీకా మొదటి డోసు, వేరే చోట ఇమ్యూనోగ్లోబులిన్ ఇచ్చారు. ఇమ్యూనోగ్లోబులిన్ అంటే ఇప్పటికే తయారైన యాంటీబాడీలు. సొంత రక్షణ తయారయ్యేదాకా అవి కాపు కాస్తాయి. 24 గంటల్లోపు ఇవ్వడం మంచిది. వారం దాటాక ఇస్తే ఉపయోగం ఉంటుందన్న భరోసా లేదు. ఇంటికి బయల్దేరుతూ అక్క ఇంకో మాట అడిగింది. "అసలు సూది సంచిలోకి ఎందుకొచ్చింది సిస్టర్?" నేను ఏమీ చెప్పలేకపోయాను.

హౌస్‌కీపింగ్, లాండ్రీ, వ్యర్థాలు మోసేవాళ్లు, సెక్యూరిటీ, అందరూ కలిపి 68 మంది. వాళ్లందరికీ 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసులు వేయించాలని పై అధికారులకు రాసి ఇచ్చాను. ఒప్పుకున్నారు. ఇక ఇది నా పని.

1వ వారం

ఈ వారమంతా అడగడమే పని. టీకా గురించి చెప్పేముందు వాళ్లకేం తెలుసో వినాలనుకున్నాను. ఒక నోటుబుక్కు పట్టుకుని షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడ్డాను.

మూడు డోసులూ వేయించుకున్నట్టు కార్డు చూపించినవాళ్లు నలుగురు. "వేశారు" అని గట్టిగా చెప్పి, ఏ టీకా అని అడిగితే "దెబ్బ తగిలినప్పుడు వేసేది" అన్నవాళ్లు చాలామంది. అది ధనుర్వాతం ఇంజెక్షన్. ఏళ్ల తరబడి దాన్నే అన్నిటికీ కాపాడే సూది అనుకుంటూ వచ్చారు. మరికొందరు "చిన్నప్పుడే అన్నీ వేశారు కదా" అన్నారు. పుట్టిన పిల్లలందరికీ ఈ టీకా వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది 1992లో. దాన్ని అమలు చేయడానికి చాలా దేశాలకు ఇంకొన్నేళ్లు పట్టింది. అంతకుముందు పుట్టి ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్లకి చిన్నప్పుడు ఈ టీకా పడి ఉండే అవకాశం చాలా తక్కువ.

ఇక జబ్బు సంగతి. కామెర్లు అందరికీ తెలుసు. ఎలా వస్తాయంటే మురికి నీళ్ల వల్ల అన్నారు. కామెర్లు తెచ్చే హెపటైటిస్‌లో 'ఏ' (A), 'ఈ' (E) రకాల విషయంలో అది నిజమే. 'బి' రకం వచ్చేది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి. ఈ తేడా తెలిసినవాళ్లు నా లెక్కలో ఆరుగురు. హెచ్‌ఐవీ పేరు మాత్రం ప్రతి ఒక్కరికీ తెలుసు, ప్రతి ఒక్కరికీ భయం.

ఆ భయాన్నే ఆసరాగా చేసుకుని లెక్క చెప్పాను. రక్షణ లేని మనిషికి, జబ్బున్నవాళ్లకి వాడిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం వెయ్యిలో మూడు. హెపటైటిస్ సి అయితే వందలో రెండు లోపే. బి మాత్రం వందలో 6 నుంచి 30 దాకా. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది. మూడింటిలో టీకా ఉన్నది దీనికొక్కదానికే. ఈ చివరి మాట అన్నప్పుడు లాండ్రీ పెద్దాయన చేతిలో పని ఆపి, "మరి ఇన్నాళ్లూ మాకెవరూ చెప్పలేదేం?" అన్నాడు. ఆయన కోపం న్యాయమైనదే. దాన్ని అలాగే నోటుబుక్కులో రాసుకున్నాను.

2వ వారం

పోస్టర్ వేశాను. లివర్ బొమ్మ, లక్షణాలు, సోకే దారులు, డోసుల పట్టిక. రెండు రోజులు కష్టపడి చేసింది. నాలుగు రోజులు గమనిస్తే దాని ముందు ఆగినవాళ్లు ఇద్దరే. కొందరికి చదవడం రాదు, చదవడం వచ్చినవాళ్లకి ఆగే తీరిక లేదు. తీసేశాను.

దాని బదులు షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు మాట్లాడటం మొదలుపెట్టాను. ప్రశ్నలు వాళ్లవే. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న, "టీకాతోనే జబ్బు అంటుకోదు కదా?" ఈ టీకాలో వైరస్ లేదు. దాని పైపొరలోని ఒక ప్రొటీన్ మాత్రమే ఉంటుంది, దాన్ని ఈస్ట్ కణాల్లో తయారుచేస్తారు. 1981లో అనుమతి వచ్చిన మొదటి టీకాని జబ్బు ఉన్నవాళ్ల ప్లాస్మా నుంచి వేరుచేసి శుద్ధి చేసేవాళ్లు. 1986 నుంచి ఈస్ట్‌తో చేసినది వచ్చింది. రక్తంతో సంబంధం లేదు అన్నాక చాలామంది ముఖాల్లో బిగువు సడలింది.

ఒక సెక్యూరిటీ తమ్ముడు, "ఇది క్యాన్సర్ టీకా అంటున్నారు, నిజమేనా?" అని అడిగాడు. నిజమే అన్నాను. ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోయే ఈ వైరస్ లివర్ గట్టిపడటానికి, లివర్ క్యాన్సర్‌కి దారి తీస్తుంది. తైవాన్‌లో 1984లో పుట్టిన పిల్లలకి ఈ టీకా మొదలుపెట్టారు. ఆ తర్వాత అక్కడి పిల్లల్లో లివర్ క్యాన్సర్ తగ్గిపోయింది. వైరస్‌ని 1960ల్లో గుర్తించిన బరూచ్ బ్లంబర్గ్‌కి 1976లో నోబెల్ వచ్చింది. ప్రపంచ హెపటైటిస్ దినం జరిపే జూలై 28 ఆయన పుట్టినరోజు. ఆ తమ్ముడు తేదీని ఫోన్‌లో రాసుకున్నాడు.

ఇన్ని ప్రశ్నల వెనక దాగిన అసలు ప్రశ్న మాత్రం వారం చివర్లో వచ్చింది. అందరూ వెళ్లాక ఒకామె ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "పరీక్షలో ఉందని వస్తే పని తీసేస్తారా సిస్టర్?"

3, 4 వారాలు

ఈ రెండు వారాలూ ఆ ఒక్క ప్రశ్న మీదే గడిచాయి. టీకా ఒక్కటే వేసి పరీక్ష వదిలేద్దామా అని కూడా ఆలోచించాం. వదిలేస్తే, ఇప్పటికే వైరస్ ఉన్నవాళ్లు టీకా వేయించుకుని "నాకేం కాదు" అనుకుంటూ ఉండిపోతారు. సోకిన తర్వాత వేసే టీకా వల్ల హానీ లేదు, మేలూ లేదు. ప్రపంచం మొత్తం మీద 2022 నాటికి 25.4 కోట్ల మంది ఈ వైరస్‌తో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు వందకి 13 మంది. ఆ ఏడాది చనిపోయినవాళ్లు 11 లక్షలు. పరీక్ష మానడానికి నాకు మనసొప్పలేదు.

డాక్టర్ మేడంతో కూర్చుని ఒక పద్ధతి అనుకున్నాం. ముందు రక్తం తీయాలి, వెంటనే అదే కుర్చీలో మొదటి డోసు వేయాలి. ఫలితం వచ్చాక రండి అంటే సగం మంది రారు. రక్తం ముందే ఎందుకంటే, టీకా వేసిన కొత్తలో దానిలోని ప్రొటీనే రక్తంలో కనబడి, జబ్బున్నట్టు తప్పుడు ఫలితం రావచ్చు. రెండున్నర వారాల దాకా అలా కనబడిన సందర్భాలున్నాయి. పరీక్షలు మూడు: వైరస్ ఉందా అని చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ, రక్షణ ఉందా అని చెప్పే యాంటీ హెచ్‌బీఎస్, ఎప్పుడైనా సోకిందా అని చెప్పే యాంటీ హెచ్‌బీసీ.

ఫలితం ఆ మనిషి చేతికి తప్ప సూపర్‌వైజర్‌కి, కాంట్రాక్టర్‌కి వెళ్లదని, ఫలితం కారణంగా ఎవరి పనీ పోదని రాతపూర్వకంగా కావాలని అడిగాను. మాట చాలదా అన్నారు. చాలదన్నాను. మూడుసార్లు తిరిగాక సంతకంతో కాగితం వచ్చింది. షిఫ్టు సమావేశంలో గట్టిగా చదివి వినిపించాను. గొంతు తగ్గించి అడిగినామె ఈసారి అందరి ముందూ, "మళ్లీ చదవండి" అంది. మళ్లీ చదివాను. పోస్టర్‌కి పెట్టిన రెండు రోజులు కూడా ఈ కాగితం కోసమే తిరిగి ఉండాల్సింది.

5వ వారం

మొదటి డోసు. పగటి షిఫ్టుకి ఒక రోజు, రాత్రి షిఫ్టుకి ఒక రాత్రి. రాత్రి వాళ్లని "పొద్దున ఆగండి" అంటే ఆగరు. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసినవాళ్లని ఆగమనడం తప్పు కూడా. రెండు గంటల వేళ టీకా పెట్టె పట్టుకుని అంతస్తు అంతస్తూ తిరిగాం.

పెట్టె విషయంలో ఒక పొరపాటు జరిగింది. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాకుల్ని వెంటనే పెట్టెలో సర్దేశారు. కాసేపాగి చూస్తే ఒక వరస సీసాలు నేరుగా మంచుకి ఆనుకుని ఉన్నాయి. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి కన్నా గడ్డకట్టడమే దీనికి పెద్ద ప్రమాదం. గడ్డకడితే, టీకా బాగా పనిచేయడానికి అందులో కలిపే అల్యూమినియం లవణాల నిర్మాణం చెదిరి మందు పనికిరాకుండా పోతుంది, మళ్లీ కరిగినా కోలుకోదు. అనుమానం వచ్చిన సీసాలన్నీ పక్కన పెట్టేశాం. ఆ తర్వాత నుంచి ఐస్‌ప్యాకుని బయట పెట్టి, చెమర్చి, ఊపితే లోపల మంచు కదిలిన చప్పుడు వినిపించాకే పెట్టెలో పెడుతున్నాం.

కొందరు "భుజం వద్దు, రేపు బరువులు మోయాలి, తుంటికి వేయండి" అన్నారు. వేయలేదు. తుంటి దగ్గర కొవ్వు పొర మందం, మందు కండలోకి సరిగా చేరదు, రక్షణ తక్కువ వస్తుంది. ఏ చేత్తో ఎక్కువ పనిచేస్తారో అడిగి రెండో భుజానికి వేశాం.

సూది గుచ్చుకున్న అక్కని కలుపుకుంటే మొదటి డోసు పడినవాళ్లు 49 మంది. 15 మంది రాలేదు.

6వ వారం

ఫలితాలు వచ్చాయి. ఐదుగురికి ఎప్పుడో సోకి, దానంతట అదే తగ్గి, రక్షణ మిగిలింది. వాళ్లకి ఇక డోసులు అక్కర్లేదు. ఇద్దరికి వైరస్ ఉంది.

వాళ్లలో ఒకాయన గురించి ఆయన అనుమతితో రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేసి. తలుపేసి, కాగితం చేతికిచ్చి, చదివి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మొదట అడిగింది, "పిల్లలతో కలిసి తినొచ్చా?"

తినొచ్చు. ఒకే కంచంలో తిన్నా, కౌగిలించుకున్నా, ముద్దు పెట్టినా, దగ్గినా తుమ్మినా అంటదు. రేజరు, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర మాత్రం ఎవరివి వాళ్లకి ఉండాలి. దెబ్బ తగిలితే కట్టు కట్టుకోవాలి. భార్యకీ పిల్లలకీ పరీక్ష, టీకా కావాలి. ఆయనకి లివర్ ఎంజైములు, వైరస్ మోతాదు, స్కాన్ చూడాలి. అవి చూశాక కొందరికి రోజూ ఒక మాత్ర మొదలుపెడతారు, టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ. కొందరికి మాత్రలేమీ లేకుండా ఆరేసి నెలలకోసారి చూసుకుంటూ ఉంటే సరిపోతుంది. వదిలేయడం మాత్రం కుదరదు.

ఇవన్నీ వింటున్నా ఆయన మనసు ఇంకెక్కడో ఉంది. చివరికి అన్నాడు, "నేను ఏ తప్పూ చేయలేదు సిస్టర్. ఇంట్లో ఏమని చెప్పను?"

ఆయనకి అన్నిటికంటే పనికొచ్చిన మాట అప్పుడు చెప్పాను. పుట్టుకలో గానీ మొదటి ఏడాదిలో గానీ ఈ వైరస్ సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి ఒంట్లో ఉండిపోతుంది. ఒకటి నుంచి ఐదేళ్ల లోపైతే పావు వంతు నుంచి సగం మందికి. పెద్దయ్యాక సోకితే వందలో ఐదుగురికి కూడా నిలవదు, మిగతావాళ్ల ఒళ్లు దాన్ని తరిమేస్తుంది. అంటే ఇలా ఒంట్లో ఉండిపోయినవాళ్లలో ఎక్కువమందికి అది ఊహ తెలియకముందే వచ్చి ఉంటుంది. ఎవరి తప్పూ లేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఈ మాట మా ఆవిడకి మీరే చెప్పండి" అన్నాడు. మర్నాడు ఇద్దరూ వచ్చారు. ఆమెకి వైరస్ లేదు, మొదటి డోసు వేశాం. పిల్లలిద్దరికీ పుట్టినప్పుడే టీకాలు పడ్డాయి, పరీక్షలోనూ లేదు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఈ ప్రాజెక్టు ఇంతటితో ఆగిపోయినా పర్వాలేదనిపించింది.

9వ వారం

రెండో డోసు పడాల్సినవాళ్లు 42. పడినవాళ్లు 38. ఇద్దరు పని మానేసి వెళ్లిపోయారు, ఇద్దరు రాలేదు. భుజం నొప్పి, ఒకరిద్దరికి ఒకరోజు జ్వరం తప్ప ఇబ్బందులేమీ లేవు. అందరికీ కార్డులిచ్చాం. కార్డు ఫైల్లో కాక మనిషి దగ్గర ఉండాలి. ఈ కాంట్రాక్టు పోయి ఇంకోచోట చేరినా అది వెంట వెళ్తుంది.

3 నుంచి 5 నెలలు

చేయడానికి పనేమీ లేని కాలం ఇది. అందుకే కష్టం. రెండు డోసులయ్యాక ఆరోగ్యవంతులైన పెద్దల్లో నూటికి 75 మంది దాకా రక్షణ వస్తుంది. మూడోది పడితే నలభై లోపువాళ్లలో 90 దాటుతుంది. పైగా ఎక్కువకాలం నిలిచే రక్షణ మూడోదానితోనే. కానీ "రెండు వేయించుకున్నాను కదా" అనే ధీమా నెల నెలకీ పెరుగుతుంది. నెల తేడాతో రెండే డోసులు చాలే టీకా ఒకటి 2017లో వచ్చింది. అది మాకు అందుబాటులో ఉండి ఉంటే ఈ నిరీక్షణ ఉండేది కాదు.

ఈ నెలల్లో ఐదుగురు వెళ్లిపోయారు. అందరి ఫోన్ నంబర్లూ ఉంచుకున్నాను.

రెండో డోసుకి రానివాళ్లలో ఒకతను నాలుగో నెలలో వచ్చాడు. "ఇప్పుడు మళ్లీ మొదటినుంచా సిస్టర్? అయితే వద్దు" అని గుమ్మంలోనే ఆగిపోయాడు. మొదటినుంచి అక్కర్లేదు. ఎంత ఆలస్యమైనా ఆగినచోట నుంచే కొనసాగించాలి. రెండోదానికీ మూడోదానికీ మధ్య కనీసం ఎనిమిది వారాలు, మొదటిదానికీ మూడోదానికీ మధ్య పదహారు వారాలు ఉంటే చాలు. అప్పుడే వేసి పంపాను. ఇది తెలియక మధ్యలో వదిలేసినవాళ్లు ఇంకెందరున్నారో అనిపించి, ఆ వారం షిఫ్టు సమావేశాల్లో ఇదొక్కటే చెప్పాను.

6, 7 నెలలు

మూడో డోసు. మొదట అందరికీ ఒకే సందేశం పంపాను: తేదీ, సమయం, గది. వచ్చినవాళ్లు పన్నెండు మంది. తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "మీ మూడో డోసు నా దగ్గర ఉంది, మీరు ఈ వారం ఏ షిఫ్టు? నేనే వస్తాను." లెక్క మారిపోయింది. పడాల్సిన 34 మందిలో 31 మందికి పడింది. ఉద్యోగం మానేసినవాళ్లలో ముగ్గురు బస్సెక్కి మరీ వచ్చారు.

సూది గుచ్చుకున్న అక్క నాకు చెప్పకుండా ఇంకో పని చేసింది. మొదట్లో వద్దన్నవాళ్లలో ముగ్గురిని తీసుకొచ్చింది. ఏం చెప్పావక్కా అంటే, "నాకు గుచ్చుకున్న రాత్రి నిద్ర ఎలా పట్టలేదో చెప్పాను" అంది. ఆ ముగ్గురికీ మొదటి డోసు వేసి కొత్త పట్టిక మొదలుపెట్టాను. అక్కకి ఆరు నెలల పరీక్ష కూడా అప్పుడే చేశాం. వైరస్ లేదు. ఆమెకి చెప్పేటప్పుడు నా గొంతే సరిగా పలకలేదు.

8వ నెల

మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో యాంటీబాడీ పరీక్ష చేయాలి. అందరికీ అవసరం లేదు గానీ, రక్తంతో పని ఉన్నవాళ్లకి కావాలి. ఒక మిల్లీలీటరులో యాంటీబాడీలు 10 మిల్లీ యూనిట్లు, అంతకంటే ఎక్కువ ఉంటే రక్షణ వచ్చినట్టు. ఈ పరీక్షకి 30 మంది వచ్చారు. 27 మందికి వచ్చింది. ముగ్గురికి రాలేదు. ముగ్గురూ యాభై దాటినవాళ్లు, ఒకరికి షుగర్, ఒకరికి సిగరెట్ అలవాటు. వయసు, పొగ, అధిక బరువు, షుగర్, కిడ్నీ జబ్బు వంటివి ఉంటే స్పందన తగ్గుతుంది. వాళ్ల తప్పేం లేదని చెప్పి ఇంకో డోసుకి తేదీలిచ్చాను. దానికీ రాకపోతే రెండో విడత మూడూ పూర్తిచేస్తాం. ఈలోగా వాళ్లకి ఏ సూది గుచ్చుకున్నా ఆ పూటే నాకు చెప్పాలని గట్టిగా చెప్పాను.

అక్క ఫలితం 200 దాటింది. కార్డు మీద ఆ అంకె నా చేత రాయించుకుంది. రాస్తుంటే పక్కన నిలబడి చూసి, కార్డు తీసుకుని అంది:

"ఇది సరే సిస్టర్. సూది సంచిలోకి ఎందుకొచ్చిందో మాత్రం ఇంకా చెప్పలేదు మీరు."

ఈసారి ఆమెని వెంటబెట్టుకుని అప్పుడే వార్డులన్నీ తిరిగాను. సూదుల డబ్బాలు మూడొంతులు నిండగానే మూసి మార్చాలి. పదకొండింటిలో నాలుగు అంచు దాకా నిండి ఉన్నాయి. ఒకదాని మూతిలోంచి సూది మొన బయటికి కనిపిస్తోంది. రెండు వార్డుల్లో డబ్బా మంచానికి అంత దూరంలో ఉంది, నర్సు సూదిని ట్రేలో పెట్టి నడవాల్సిందే. ఆ ట్రేలోంచే దూది, ప్లాస్టర్ ముక్కలతో కలిసి చెత్తలోకి పడుతున్నాయి. ట్రేలు సర్దేది నర్సులం, మేమే. అక్క చెబుతుంటే ఏ డబ్బా ఎక్కడ ఉండాలో నోటుబుక్కులో గీసుకున్నాను. సోమవారం పొద్దున షిఫ్టు మారే వేళ నర్సుల సమావేశం పెట్టాను. మాట్లాడటానికి అక్క కూడా వస్తోంది.